ఒక సైజు ఎక్కువ

ఇంట్లో ఆయన పిల్లికి బిచ్చం పెట్టడు. టూత్‌పేస్టు ట్యూబు అయిపోతే కత్తెరతో కోసి, లోపలి గోడలు గీకి, ఇంకొన్నాళ్లు నడిపిస్తాడు. మాటల్లోనూ అంతే. "ఊ" సరిపోయే చోట "అవును" అనడు. "ఊ" కూడా ఎక్కువనిపిస్తే తల ఊపుతాడు.

అదే మనిషి ఎదుటివాడి బండిలో పెట్రోలు దగ్గరికి వచ్చేసరికి కర్ణుడు. వీధి ఆయనకు పెట్రోలు కర్ణుడని పేరు పెట్టింది. ఎదురుగా మాత్రం అందరూ మామా అంటారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ ఊరి సొమ్ము, మామ దానం.

ఆయన పని కార్బురేటర్లు. ఇంకేదీ ముట్టడు. బ్రేకు పట్టడం లేదని వచ్చినవాడికి గడ్డంతో పక్క వీధి చూపిస్తాడు. గాలీ పెట్రోలూ కలిసే ఆ గుప్పెడు లోహపు ముద్ద తప్ప, బండిలో మిగతాదంతా ఆయన దృష్టిలో బరువు.

ఆ ముద్ద అడుగున జెట్ అని చిన్న ఇత్తడి మర ఉంటుంది. దాని నడుమ సన్నని తీగ దూరేంత రంధ్రం. రంధ్రం పెద్దదైతే ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ అందుతుంది, చిన్నదైతే తక్కువ. ఎక్కువైతే బండి నల్లగా పొగ వదులుతూ దగ్గుతుంది. తక్కువైతే చురుగ్గా ఉన్నట్టే ఉండి, లోపల మాడిపోయి, ఏదో ఒక ఎత్తు మీద ఉన్నట్టుండి పట్టేస్తుంది. పట్టేసిన ఇంజన్ వెనక చక్రాన్ని కూడా పట్టేస్తుంది. ఆ తర్వాత నడిపే మనిషి గాల్లో ఉంటాడు.

ఈ చివరి వాక్యం ఆయన బుర్రలో ఎప్పుడూ తిరుగుతూ ఉండేది. "తడి బండి దగ్గుతుంది, ఎండు బండి చస్తుంది," అనేవాడు. అంత పొడుగు మాట ఆయన ఇంకే విషయంలోనూ అనలేదు. అందుకని ఎంత పరీక్ష చేసి, ఏ జెట్ సరిపోతుందని తేలినా, చివర్లో మూత బిగించే ముందు ఒక సైజు పెద్దది పెట్టేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు భద్రం.

దీని వెనక ఏదో విషాదం ఉండి ఉంటుందని, కుర్రతనంలో స్నేహితుడెవరో పడిపోయి ఉంటాడని కొత్తవాళ్లు జాలిపడతారు. ఏమీ లేదు. ఎవరూ పడలేదు. పిరికితనానికి కథ అక్కర్లేదు. కొందరికి చెమట ఎక్కువ పట్టినట్టు, అది ఊరికే ఉంటుంది.

ఆయన చేతిలో పడ్డ బండ్లను పొగను బట్టి గుర్తుపట్టొచ్చు. సిగ్నల్ దగ్గర వాటి వెనక ఎవరూ ఆగరు. బతుకుతాయి మాత్రం. కొందరు తాతల్లాగా దగ్గుతూ, తాగుతూ, తమకంటే చిన్నవాళ్లందరినీ సాగనంపి తిరుగుతూనే ఉంటాయి. పెట్రోలు బంకు యజమాని ఒక్కడే ఆయన ఎక్కడ కనిపించినా కారు ఆపి మరీ కుశలం అడుగుతాడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. కొత్త జెట్ చేతికి రాగానే దానిమీది నంబరును ఆకురాయితో అరగదీసేస్తాడు. రేపు ఇంకో మెకానిక్ విప్పి, చదివి, గుట్టు పట్టుకోకూడదు. నున్నగా అయిన జెట్లన్నీ గళ్లున్న ఒక చెక్కపెట్టెలో ఉంటాయి. ఏ గడిలో ఏ సైజుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. పెట్టె దుమ్ము దులిపే భార్యకు ఎప్పటినుంచో తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు.

షెడ్డుకు నడుమ ఒక రేకు అడ్డం. అటుపక్క అల్లుడు. అతనిది గొట్టాల పని. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ విప్పి, దాని కడుపులో ఉన్నదంతా లాగేసి, లావుపాటి గొట్టం అతికి బండి గొంతు తెరుస్తాడు. "బండికి ఊపిరాడాలి మామయ్యా," అంటాడు. అతని చేతిలోంచి వచ్చిన బండికి ఊపిరాడుతుంది. వీధికి ఆడదు.

పొగ పోయే దారి తెరిచాక గాలి వచ్చే దారి కూడా తెరవాలి కదా. పాత ఫిల్టర్ డబ్బా పీకేసి, ఐస్‌క్రీమ్ కోను ఆకారంలో మెరిసిపోయే కొత్త ఫిల్టర్ బిగిస్తాడు. ఇప్పుడు గాలి బోలెడు, పెట్రోలు మాత్రం పాత లెక్కే. బండి వేడెక్కి టపటపలాడుతుంది. దాని యజమాని రేకు చుట్టూ తిరిగి మామ దగ్గరికి వస్తాడు.

"ఒకడు చింపుతాడు, ఒకడు కుడతాడు. కుటుంబం అంటే ఇదీ," అనేవాడు ఎదురు కొట్టు టైలరు.

రేకుకు అటూ ఇటూ మామా అల్లుళ్ల సంభాషణ రోజూ ఇంచుమించు ఇలాగే ఉండేది.

"అల్లుడూ."

"ఏంటి మామయ్యా?"

"చెవులు."

"వినిపిస్తోందా? బాగుందా?"

"పోయాయి."

కౌంటరు వెనక కూర్చునే భార్యకు ఈ ఇద్దరే కాలక్షేపం. "ఈయన ప్రేమంతా పెట్రోలు రూపంలో ఊళ్లో పారుతోంది. నా దాకా ఆవిరి కూడా రాలేదు," అని వచ్చినవాళ్లకు చెప్పి నవ్వేది. ఆయన వినేవాడు. ఖండిస్తే మాటలు ఖర్చవుతాయి.

కూతురు డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు మోటారు సైకిల్ నేర్పుతుంది. భయపడేవాళ్లతో పనిచేయడం ఆమె ఉద్యోగం. ఇంట్లో అభ్యాసం ఉంది కాబట్టి బాగా చేస్తుంది.

ఏడాదికొకసారి ఊరి చివరి కొండ మీదికి పోటీ జరుగుతుంది. పైన రేడియో స్తంభం దాకా మెలికల రోడ్డు. ఒక్కొక్కరే ఎక్కాలి, ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లు గెలిచినట్టు. పోయినసారి ఆమె బండి సగం కొండ దాకా బాగానే వెళ్లి, ఆ తర్వాత ప్రతి మలుపులోనూ దగ్గి, గొంతు సవరించుకుని, నల్లగా ఉమ్మి, ఎలాగో స్తంభం చేరింది. ఆమెకంటే వెనకబడింది ఒక్కడే. అతను దారిలో ఆగి ఫోను మాట్లాడాడట.

దిగి వచ్చి స్పార్క్ ప్లగ్ విప్పితే దాని కొన బొగ్గు. ఆమె అప్పుడేమీ అనలేదు. ఈ ఏడాది భర్త కొత్త గొట్టం, కొత్త ఫిల్టర్ బిగించి ఇచ్చాక, బండిని నడిపించుకుంటూ రేకు ఇవతలికి వచ్చి తండ్రి ముక్కాలిపీట ముందు నిలబడింది.

"నాన్నా, ఒక మాట."

ఆయన తల ఊపాడు.

"ఈసారి కొండ మీద దగ్గిందంటే మళ్లీ నీ చేతికి ఇవ్వను. బజార్లో కొత్త సెంటర్ పెట్టారు. బండిని రోలర్ల మీద పరిగెత్తించి, కంప్యూటర్లో గీతలు చూసి సెట్ చేస్తారట. అక్కడికి తీసుకెళ్తా."

"గీతలా?" అన్నాడాయన.

"ఆ, గీతలే. వాటికి భయం ఉండదు."

కౌంటరు వెనకనుంచి భార్య "అబ్బా!" అంది, తనకే తగిలినట్టు.

ఆయన ముఖం మారలేదు. ఆ పిల్ల మొదటిసారి తొక్కిన మోపెడ్ నుంచి ఇప్పటి బండి దాకా, ఆమె కింద మండిన ప్రతి చుక్కా ఆయన కొలిచి పంపిందే. కూతురితో ఆయన మాట్లాడిన మాటలు ఏరితే దోసిలి నిండదు. మిగతాదంతా ఆ లోహపు ముద్దలోంచే వెళ్లేది. బండి బజారుకు వెళ్లిపోతే, ఇక ఆమెతో ఏ దారిన మాట్లాడాలో ఆయనకు తెలియదు.

ఆదివారం ముగ్గురూ గోదాముల వెనకనున్న తిన్నని రోడ్డుకు వెళ్లారు. పద్ధతి పాతది. కూతురు ఆ చివరినుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వస్తుంది. తండ్రి చెయ్యెత్తిన చోట క్లచ్ పట్టి, ఇంజన్ టక్కున ఆపేసి, చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. ఆయన ప్లగ్ విప్పి వెలుతురులో పెట్టి చూస్తాడు. లోపల మంట ఎలా మండిందో ప్లగ్ మీద రాసి ఉంటుంది. తెల్లగా ఉంటే ఎండు, నల్లగా ఉంటే తడి, బిస్కెట్ రంగులో ఉంటే సరి.

మొదటిసారి ప్లగ్ సున్నంలా వచ్చింది.

"ఇంత తెలుపేంటి!" అంది కూతురు.

"మీ ఆయన," అన్నాడు తండ్రి.

గోడ నీడలో నిలబడ్డ అల్లుడు నొచ్చుకున్నాడు. "నేనేం చేశాను మామయ్యా? గాలి ఇచ్చాను."

"ఇచ్చావు."

జెట్ మార్చాడు. ఈసారి వానకు తడిసిన వెల్లగోడ రంగు. ఇంకోటి పెట్టాడు. ట్యాంకు ఎత్తి, మూత విప్పి, లోపలి నీడిల్‌ను ఒక గాడి పైకి లేపాడు. నీడిల్ అంటే నడిమి వేగాల్లో పెట్రోలును కొలిచే సూది. లేపితే ఎక్కువ, దించితే తక్కువ. కూతురు మళ్లీ వెళ్లి వచ్చింది. ప్లగ్ విప్పాడు. ముగ్గురూ తలలు కలిపి చూశారు. బిస్కెట్. అంచు దగ్గరనుంచి కొన దాకా ఒకే రంగు, ఎవరో కూర్చుని పూసినట్టు.

"ఇదే. ఇదే ఉంచు నాన్నా," అంది కూతురు.

ఆయన ఊపీ ఊపనట్టు తల ఊపాడు. ఆలుమగలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఊపు వాళ్లకు కొత్త కాదు. ఇంటికి వెళ్లాక భద్రం జరుగుతుంది. కుక్కతోక వంకర.

షెడ్డుకు వచ్చాక ఆయన అలవాటు ప్రకారం కార్బురేటర్ అడుగు గిన్నె విప్పాడు. గోదాముల దగ్గర సరిపోయిన జెట్‌ను తీసి శుభ్రం చేశాడు. ఇక ఆయన చెయ్యి దానంతట అదే చెక్కపెట్టెలోకి, పక్క గడిలోకి వెళ్లింది. ఒక సైజు పెద్ద జెట్‌ను వేళ్లు పట్టుకున్నాయి కూడా.

అక్కడ ఆగాడు. కొండ కనిపించింది. మలుపులో బండి దగ్గింది. కూతురు హెల్మెట్ తీసి, ఏమీ అనకుండా, బండిని బజారువైపు తిప్పింది. మళ్లీ మొదటినుంచి కొండ కనిపించింది. ఈసారి బండి దగ్గలేదు, పట్టేసింది. ఆయనకు కింద కూర్చోవాలనిపించింది. కూర్చునే ఉన్నాడు.

కౌంటరు దగ్గర భార్య కళ్లజోడు పైనుంచి చూసింది. ఆయన చేతిలో జెట్ చెమటకు తడిసింది. చివరికి దాన్ని దాని గడిలో వేసేసి, సరిపోయినదాన్నే తిరిగి బిగించాడు. గిన్నె మూశాడు. జీవితంలో మొదటిసారి ఒక బండి ఎంత అడిగిందో అంతే ఇచ్చాడు. ఏదో దొంగతనం చేసినట్టుంది.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పడం? ఈసారి సరిగ్గా పెట్టానంటే, మరి ఇన్నేళ్లూ పెట్టినవేంటని అడుగుతారు. అడగడానికి ఊరంతా ఉంది. నోరు మూసుకోవడం ఆయనకు చేతనైన విద్య. అదే చేశాడు.

పోటీ రోజు ఉదయం కూతురు ముందుగా బండి మీద వెళ్లింది. మిగతా ముగ్గురూ అల్లుడి ట్రాలీ ఆటోలో వెళ్లారు. కొండ కింద తాడు కట్టి ఉంది. బండ్లు వరసలో నిలబడి ఉన్నాయి. వరస మొదట్లో జెండా పట్టుకున్న మనిషి. కూతురి ముందు నలుగురైదుగురు ఉన్నారు. ఆమె ఇంజన్ వేడి చేస్తోంది. యాక్సిలరేటర్ తిప్పుతోంది, వదులుతోంది.

వదిలినప్పుడల్లా గొట్టంలోంచి పేలాలు వేగినట్టు టపటపమని చప్పుడు. తాడు అవతలి జనం ఈల వేశారు. వాళ్లకు అది ఫ్యాషను.

మామ ఈల వేయలేదు. గొట్టం కొత్తది కాబట్టి కొంత చప్పుడు ఉంటుంది, అది ఆయనకు తెలుసు. ఇది ఆ చప్పుడు కాదు. పైగా, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం కిందికి దిగడం లేదు. దిగడానికి ఇష్టం లేనట్టు పైనే వేలాడి, తర్వాత ఎప్పుడో దిగుతోంది. ఆయన తాడు కింద నుంచి దూరి వెళ్లి, వంగి చూశాడు. ఇంజన్ దగ్గర గొట్టం అప్పుడే వేడికి నీలం తిరిగింది.

తాను బిగించిన బండి ఇలా ఉండదు. ఇది ఎండిపోయిన బండి.

"దిగు," అన్నాడు.

హెల్మెట్‌లోంచి కూతురి కళ్లు మాత్రమే కనిపించాయి. "ఏంటి?"

"ఎండిపోయింది. పట్టేస్తుంది. దిగు."

"మొదలైంది," అంది ఆమె. "నాన్నా, కొద్దిసేపట్లో నా వంతు. నీ భయం సంచిలో పెట్టుకుని అటు వెళ్లి నిలబడు. బండి ఇంత చురుగ్గా ఎప్పుడూ లేదు."

"అదే. చచ్చే ముందు అలాగే ఉంటుంది."

"అమ్మా, నాన్నని తీసుకెళ్లు!"

భార్య కదల్లేదు. భర్త వరుసగా ఇన్ని మాటలు అనడం ఆవిడకు ఇంజన్‌కంటే పెద్ద వింత.

"భయం కాదే," అన్నాడాయన. గొంతు కీచుగా వచ్చింది. "ఈసారి నేను ఎక్కువ పెట్టలేదు."

"అంటే?"

"సరిగ్గా పెట్టాను. గోదాముల దగ్గర తేలిందే పెట్టాను. భద్రం చెయ్యలేదు."

ముందున్న బండి ఒకటి కొండెక్కింది. వరస ఒక అడుగు జరిగింది. అల్లుడి ముఖం మొదటి ప్లగ్ రంగులోకి మారింది.

"మామయ్యా, నిజంగానా?"

"ఊ."

"ఒక్క సైజు కూడా పెంచలేదా?"

"ఊహూ."

"చచ్చాను," అన్నాడు అల్లుడు. "నిన్న మీరు భోజనానికి వెళ్లినప్పుడు నేను ఒక సైజు తగ్గించాను."

కూతురు హెల్మెట్ అద్దం పైకెత్తింది. "నువ్వు జెట్ మార్చావా?"

"మామయ్య ఎలాగూ పెంచి ఉంటారు కదా అని..."

"పొద్దున నేను నీడిల్ దించాను!"

"నువ్వెందుకు దించావు?"

"నాన్న ఎలాగూ పెంచి ఉంటాడు కదా అని!"

"నాతో చెప్పొచ్చు కదా!"

"నువ్వు చెప్పావా?"

ప్రతిరోజూ పులి పులి అని అరిచినవాడి కథ అందరికీ తెలుసు. పులి లేని ఒక్కరోజు కాస్తా, లేదని నోరు విప్పని వాడి కథ ఇది. ముగ్గురిలో ఒకరి గుణం ఒకరికి ఎంత బాగా తెలుసో, బండికి అంత హాని జరిగింది.

"తీసిన జెట్ ఏది?" అన్నాడు మామ.

"ఇంట్లో. నా బనియన్ల కింద."

"బనియన్లా?"

"మీ కంట పడకూడదని. అయినా నంబరుంటే చదువుకునేవాణ్ణి కదా మామయ్యా! అన్నీ గీకి గుండు చేసి పెట్టారు. తీగ దూర్చి చూసి, ఒక పిసరు బిగుతుగా ఉన్నదాన్ని ఏరి పెట్టాను."

మామకు తిరిగి అనడానికి న్యాయం లేదు. వరస ఇంకో అడుగు జరిగింది. నీడిల్ లేపాలంటే ట్యాంకు ఎత్తాలి, అంత వ్యవధి లేదు. జెట్ చూస్తే బనియన్ల కింద ఉంది. కూతురు దిగలేదు, బయల్దేరతాననీ అనలేదు. హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని తండ్రినే చూస్తోంది. ఆ చూపులో కోపం పోయింది. భయం వచ్చింది. ఆమెలో దాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. చూడకూడదనే ఇన్నేళ్లూ ఊరంతా పొగ పెట్టాడు.

పెట్రోలు పెంచడం కుదరదు. అయితే గాలి తగ్గించాలి.

ఆయన రోడ్డు మీద కూర్చుని కుడికాలి బూటు విప్పాడు.

"ఏమండీ, ఏంటది, అందరూ చూస్తున్నారు," అంది భార్య.

బూటు పక్కన పెట్టి సాక్సు లాగాడు. మందపాటి ఊలు సాక్సు, బొటనవేలు దగ్గర కన్నం. దాన్ని అల్లుడి ఫిల్టర్ మీదికి, తలగడకు గలీబు తొడిగినట్టు తొడిగాడు.

"మామయ్యా!" అల్లుడు మూలిగాడు. "అది ఇంపోర్టెడ్ ఫిల్టర్!"

"నోర్ముయ్యి అల్లుడూ," అన్నాడు మామ. ఆ ఉదయం మాటలకు కరువు లేదు. "రేజ్ చెయ్యమ్మా."

కూతురు రేజ్ చేసింది. వదిలింది. టప, టప. సగం తగ్గింది. ఆయన సాక్సు పైభాగాన్ని రెండు మడతలు చేసి లాగాడు. మళ్లీ రేజ్. ఈసారి వదలగానే ఇంజన్ బుద్ధిగా కిందికి దిగింది. కన్నాన్ని కొంచెం పక్కకు తిప్పాడు. ఇంకోసారి విన్నాడు. కన్నాన్ని ఇంకొంచెం తిప్పాడు.

జెండా మనిషి వచ్చి నడుముమీద చేతులు పెట్టుకున్నాడు. "ఏంటిది?"

"ఫిల్టర్ తొడుగు," అన్నాడు అల్లుడు ఠక్కున. "కొత్త మోడల్."

"కన్నం ఉంది."

"ట్యూనింగంతా దాంట్లోనే ఉంది బాబూ," అంది భార్య.

జెండా మనిషి వంగి దగ్గరగా చూడబోయి, వాసన తగిలి, వెనక్కి తగ్గాడు. "నిబంధనల్లో దీని గురించి ఏమీ లేదు," అని జరిగిపోయాడు.

"నాన్నా, వెళ్లనా?" అంది కూతురు.

ఆ ప్రశ్నకు ఆయన ఎప్పుడూ జవాబు చెప్పలేదు. ఎప్పుడూ ఒక సైజు పెంచి ఊరుకున్నాడు. ఇప్పుడు పెంచడానికి ఏమీ మిగల్లేదు. సాక్సు ఒకటే ఉంది, అదీ కన్నంది.

"వెళ్లు," అన్నాడు. "చివరి మలుపు దాటాక పూర్తిగా తిప్పకు. కొంచెం ఉంచుకో. గొంతు మారితే క్లచ్ పట్టెయ్. రెండో ఆలోచన పెట్టుకోకు."

ఆమె అద్దం దించుకుంది. జెండా దిగింది. బండి వెళ్లిపోయింది.

కింద నిలబడితే కొండ మీది బండి కనిపించదు, వినిపిస్తుంది. మొదటి మలుపు, రెండో మలుపు. రాతి వెనక్కి వెళ్లినప్పుడు చప్పుడు ఆగిపోతుంది. అలా ఆగిన ప్రతిసారీ మామ ఒంటికాలి బూటుతో నిలబడి ఊపిరి బిగపట్టాడు. చప్పుడు మళ్లీ వచ్చేది. అల్లుడు మామ భుజం పట్టుకున్నాడు. పట్టుకున్న సంగతి ఇద్దరూ గమనించలేదు. పైన ఎక్కడో గొంతు సన్నబడింది, తగ్గింది, మళ్లీ అందుకుంది. కొంచెం ఉంచుకున్నట్టుంది. తర్వాత ఏమీ వినిపించలేదు.

జెండా మనిషి చెవి దగ్గరి వాకీటాకీ గరగరలాడింది. "చేరింది," అన్నాడు.

మామ రోడ్డు మీదే కూర్చుని బూటు తొడుక్కున్నాడు. రెండో కాలికి కూడా తొడగబోయి, దానికి బూటు ఉందని తెలుసుకుని మానేశాడు.

ఆమె గెలవలేదు. మధ్యలో ఎక్కడో నిలిచింది. చివర కాదు, అంతే. ఇంజన్ ఆపేసి, వాలు మీద చప్పుడు లేకుండా దిగి వచ్చింది. హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమట. ముందుగా ఫిల్టర్ మీది సాక్సును రెండు వేళ్లతో ఊడదీసి తండ్రి ఒళ్లో పడేసింది.

"ఇంజన్ చావలేదు గానీ మలుపు మలుపుకీ ఆ కంపుకి నేను చచ్చాను."

ఆయన ప్లగ్ స్పానర్ కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. చేతితొడుగులు తీయకుండానే తనే ప్లగ్ విప్పి, వెలుతురులో పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. భర్త మెడ సాచాడు.

"బిస్కెట్ కాదు," అంది చివరికి. "తెలుపూ కాదు. పాత ఇటుక రంగు. ఒక పక్క మాడింది."

"కన్నం వైపు," అన్నాడు తండ్రి.

ఆమె నవ్వింది. నవ్వు ఆపుకుని, ప్లగ్‌ను ఆయన అరచేతిలో పెట్టింది. ఇంకా వేడిగానే ఉంది. ఆయన వదల్లేదు.

"బజారుకు తీసుకెళ్లను," అంది. "రేపు మళ్లీ నువ్వే పెట్టు. కానీ పెట్టింది పైకి చెప్పాలి. విప్పినా చెప్పాలి, బిగించినా చెప్పాలి. అందరూ వినాలి. ఈ మనిషికి కూడా అదే రూలు."

"నేనేం చేశాను?" అన్నాడు అల్లుడు.

"బనియన్లు," అంది అత్తగారు.

మరునాడు షెడ్డులో ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కూతురు ఎదురుగా తిరగేసిన డబ్బా మీద కూర్చుంది. అల్లుడు బనియన్ల కిందినుంచి తెచ్చిన జెట్‌ను అందరికీ చూపించి, ఆయన చేతిలో పెట్టాడు.

"గిన్నె విప్పుతున్నా," అన్నాడు మామ గొణుగుతూ.

"వినపడలేదు."

"గిన్నె విప్పుతున్నా!"

ఎదురు కొట్టులో కుట్టుమిషన్ ఆగింది. "ఏమైంది మామా, ఎవరికి ఆపరేషన్?" అని కేకేశాడు టైలరు.

"గోదాముల జెట్టే! అదే పెడుతున్నా! పెంచడం లేదు!"

"పెంచితే చూస్తూ ఊరుకోం!" అన్నాడు టైలరు, సంగతేంటో తెలియకపోయినా.

"నీడిల్ ఒక గాడి లేపుతున్నా!" మామ మెడ నరాలు ఉబ్బాయి. భార్య కౌంటరు మీద తలపెట్టుకుని నవ్వుతోంది. మూత బిగించి, చెమట తుడుచుకుని, "అంతే," అన్నాడు. ఒక్క రోజుకు ఆయన చాలా ఖర్చు పెట్టాడు.

కూతురు కిక్ కొట్టింది. పొగ లేదు, టపటప లేదు. ఆమె తల ఊపింది, అచ్చం ఆయన ఊపినట్టే, ఒక్కసారి. స్కూలుకు టైమైందని వెళ్లిపోయింది. ఆయన వీధి చివరి దాకా చూశాడు.

ఈలోగా టైలరు తన పాత స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. "మామా, ఇది ఈమధ్య లాగడం లేదు. నాకు కూడా అలాగే పైకి చెప్పి పెట్టు."

మామ స్కూటరు వైపు చూశాడు. టైలరు వైపు చూశాడు. టైలరుకు బొజ్జ ఉంది, ముగ్గురు పిల్లలున్నారు, బ్రేకులు అంతంతమాత్రం. ఆయన చెక్కపెట్టె దగ్గరికి లాక్కుని, వీధివైపు వీపు తిప్పి కూర్చుని, ఏ గడిలో చెయ్యి పెడుతున్నాడో ఎవరికీ కనబడకుండా పనిలో పడ్డాడు.

"మామా, వినపడటం లేదు," అన్నాడు టైలరు.

"ఊ," అన్నాడు మామ.